పేరు రాసిన డబ్బాలు

"తిండి మీద పేరు రాసుకోవడం జైల్లో కూడా ఉండదురా ఫిలిపో!" అంది సలనేత, కొడుకు డబ్బాల మీద చీటీలు అంటిస్తుంటే.

"శనివారం రగ్బీ జట్టు ఎంపికమ్మా. బరువు తగ్గకపోతే కోచ్ తీసుకోడు. వారమంతా ఇదే నా తిండి. తమ్ముళ్లు ఊడ్చేస్తారని పేరు రాశా."

ఉడికించిన చిలగడదుంప ముక్కలు, టిన్ను శనగలు, ప్యాకెట్లోనే వేడిచేసిన దంపుడన్నం.

"మీ నాన్న కొబ్బరిపాలల్లో చామదుంపలు తిని ఆంబోతులా ఆడాడు. నువ్వేమో పిట్ట మేత తూకం వేస్తున్నావు. పైగా పిసినారితనం! మన సమోవా ఇళ్లలో ఎవరి కూడు వాళ్లదన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు."

డబ్బాలు ఫ్రిజ్‌లోకి చేరాయో లేదో, పాస్టరు గారు భార్యతో సహా గుమ్మంలోకి వచ్చారు.

సలనేత గిన్నె మూత తీసింది. అడుగున కొబ్బరిపాల చార తప్ప ఏమీ లేదు. ఆదివారం పాస్టరు గారు ఆకలితో వెళ్లిపోతే తమ మాంగెరె పేట చర్చిలో ఇక తలెత్తుకుని తిరగడం కుదరదు. ఫ్రిజ్ వైపు చూసింది. అడిగినా వీడు ఇవ్వడు.

ఫిలిపో తనే వెళ్లి ఫ్రిజ్ తెరిచాడు. చీటీలన్నీ పీకేసి, డబ్బాలన్నీ పెద్ద పళ్లెంలో బోర్లించాడు. తల వంచి పాస్టరు గారి ముందు పెట్టాడు.

"మీ కోసమే చేశామండీ."

వాళ్లు పళ్లెం ఖాళీ చేసి వెళ్లారు. ఫిలిపో మళ్లీ దుంపలు కడగడం మొదలుపెట్టాడు. సలనేత కత్తి అందుకుంది.

"ముక్క ఎంతుండాలి?"

"బొటనవేలి కణుపంత."

"ఛీ, ఎలుకకి పెట్టినట్టు!" అంది. సరిగ్గా అంతే కోసింది.