తెలుగులో వెళ్ళిన మోటారు

“స్టెల్లా, నిన్న పంపింది ఏ ఫైలమ్మా?”

పేటెంటు ఏజెంటు లక్ష్మీకాంత్ అడగ్గానే, ఆయన దగ్గర టైపు పనిచేసే స్టెల్లా గబగబా కుర్చీ ముందుకు లాక్కుంది. కంప్యూటర్లో చూసుకుంది. విదేశాల కోసం పెట్టిన అంతర్జాతీయ దరఖాస్తులో ఇంగ్లీషు ఫైలు బదులు తెలుగు ఫైలు వెళ్ళింది. పామర్రు రొయ్యల రైతు ఎలీషా తను కనిపెట్టిన పెట్టె గురించి చెబుతుంటే స్టెల్లా పొల్లుపోకుండా టైపు చేసుకున్నది.

ఆ ఎలీషా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు, రొయ్యల పచ్చడి సీసా ఒళ్ళో పెట్టుకుని.

“ఇండియా వాడు కాబట్టి దరఖాస్తు పెట్టుకునే అర్హత ఈయనకుంది,” అన్నాడు లక్ష్మీకాంత్. “ కానీ మన దేశంలో పేటెంటు ఆఫీసు ఇంగ్లీషో హిందీయో అయితేనే తీసుకుంటుంది. గడువు నిన్నటితో సరి. ఆ తారీఖు పోతే, ఈలోగా ఎవడైనా ఇలాంటిదే పెట్టి ఉంటే వాడిదే ముందు. పంపాల్సింది ఢిల్లీలో చేయించిన ఇంగ్లీషు అనువాదమమ్మా! చివరి గంటలో వచ్చినా వచ్చింది కదా!”

స్టెల్లాకు ఏడుపొచ్చింది. “తప్పు నాదే సార్.”

“పాపనేం అనకండి,” అన్నాడు ఎలీషా. “నీళ్ళల్లో గాలి తగ్గితే నా పెట్టె మోటారేసిద్ది. సరిపోగానే అదే కట్టేసిద్ది. ఈ ముక్క ఏ భాషలో చెప్పినా ముక్కే కదండీ?”

“చెరువు గట్టున అయితే ముక్కే. పేటెంటు ఆఫీసులో కాదు.”

ఆ వారమంతా స్టెల్లాకు అన్నం సయించలేదు. వేరే ఉద్యోగం వెతుక్కోవాలని కూడా అనుకుంది. అలాంటి రోజుల్లోనే జెనీవా నుంచి మెయిలు వచ్చింది. చదివింది. నమ్మలేక మళ్ళీ చదివి, లక్ష్మీకాంత్‌ని కేకేసింది.

మన దేశపు పేటెంటు ఆఫీసు ఆ దరఖాస్తును తిప్పి కొట్టలేదు. జెనీవాలోని అంతర్జాతీయ కార్యాలయానికి పంపేసింది. అక్కడ ఏ భాషలో పెట్టినా తీసుకుంటారట. తారీఖు పాతదే. ఇంగ్లీషు అనువాదం తర్వాత తీరిగ్గా పంపితే చాలు.

లక్ష్మీకాంత్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. మెయిల్లో ‘దరఖాస్తు భాష: తెలుగు’ అని ఉంది. ఆ ఒక్క ముక్క దగ్గరే ఆయన చూపు ఆగిపోయింది. ఇన్నేళ్ళ అనుభవంలో అలాంటిది ఆయన చూడలేదు.

కబురు అందుకుని పరుగున వచ్చిన ఎలీషా చెప్పులు గుమ్మం బయటే విడిచి, కంప్యూటరుకు రెండు చేతులూ జోడించాడు. “మా పామర్రు మాట అంత దూరం ఎళ్ళి కూర్చుందా! దేవుడికి స్తోత్రం!”

స్టెల్లా తెర మీది ఆ మాటను వేలితో తాకింది. ఇంట్లో అమ్మతో మాట్లాడే మాటలే మంచుకొండల నడుమ ఎవరి బల్ల మీదో ఉన్నాయి.

“ఇక ఆ ఢిల్లీ ఇంగ్లీషు పంపేద్దాం. ఈసారైనా ఓసారి చదువు,” అన్నాడు లక్ష్మీకాంత్.

స్టెల్లా ఫైలు తెరిచింది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది. “సార్... ఇదే గనక ఆ రోజు వెళ్ళుంటే...”

“ఏమైంది?”

“నీళ్ళల్లో గాలి సరిపోగానే మోటారును గట్టి తాడుతో గుంజకు బిగించవలెను, అని ఉంది సార్.”

లక్ష్మీకాంత్ కుర్చీలో కూలబడ్డాడు. ఎలీషా మాత్రం తెల్లబోయి ఇద్దరి మొహాలూ చూశాడు.

“కట్టేసిద్దంటే ఆగిపోయిద్దని కదండీ! నా మోటారేమన్నా గేదా?”