రోడ్డు వైపు గది

దసరాలోపల గదులన్నీ ఖాళీ చెయ్యాలని రామబ్రహ్మం చెప్పగానే, ఆశన్న చేతిలోని సత్తు చెంబు ఎత్తి నేలకేసి కొట్టాడు.

"ఖాళీ చేసి ఏడికి పోవాలె సారూ?"

"నన్నడిగితే నేనేం చెప్పను? సర్కారునడుగు."

బాన్సువాడ బస్టాండు దాటాక ఉన్న ఆరు గదుల వరస అది. డెబ్బై ఏడు వానాకాలంలో గుడిసెలు కూలిపోయినవాళ్ళను సర్కారే తెచ్చి అక్కడ పెట్టింది. కిరాయిలో సగం వాళ్ళు కట్టాలి, మిగతా సగం సర్కారు ఇస్తుంది. రెండేళ్ళు ఇచ్చింది. ఇకమీదట ఇవ్వడం కుదరదని ఆ పొద్దున్నే రామబ్రహ్మాన్ని పిలిచి చెప్పారు.

"మమ్ముల తెచ్చి గీడ పెట్టిననాడు పూలదండలేసుకొని ఫోటోలు దిగిన్రు," అన్నాడు ఆశన్న. "ఇగ దయ ఒడ్సిందా?"

రామబ్రహ్మం గదుల వైపు చెయ్యి చూపించాడు.

"నాకేమైనా సరదానా? కృష్ణా జిల్లా నుంచి వచ్చి, చెమటోడ్చి కొనుక్కున్న పొలం బ్యాంకులో పెట్టి ఈ గదులు కట్టాను. వాళ్ళు చేతులు దులుపుకున్నారు. బ్యాంకువాడు దులుపుకుంటాడా?"

"మా ముసలాయన మంచం దిగక ఏడాదాయె," అంది పక్కగది భూమవ్వ. "మంచంతోని రోడ్డుమీద పెట్టాల్నా?"

"నా పెండ్లాం పచ్చి బాలింత," అన్నాడు ఆశన్న. "చంటిపిల్లను ఏ చెట్టుకు కట్టాలె?"

రామబ్రహ్మం తల తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అందరూ వాకిట్లో కూడారు.

"ఎవ్వరు కదలొద్దు," అన్నాడు ఆశన్న. "ఒక్కరు పోయిన్రంటే మనందర్ని గెదుముతడు. చేతుల చెయ్యెయ్యిర్రి."

అందరూ వేశారు. పార్వతీబాయి వెయ్యలేదు.

ఆమె రోడ్డు వైపు గదిలో కుట్టుమిషను పెట్టుకుని ఒంటరిగా ఉండేది. వచ్చేపోయేవాళ్ళకు మిషను కనిపిస్తుంది కాబట్టి చేతినిండా పని. ఆమెది జుక్కల్ అవతల, మహారాష్ట్ర వైపు ఊరని మాత్రమే తెలుసు. అంతకుమించి ఎవరూ అడగలేదు.

"ఏందే బాయీ, నువ్వెందుకు ఎయ్యలే?" అంది భూమవ్వ.

"ఆలోచన చేస్తున్న అవ్వా," అని ఆమె లేచి లోపలికి వెళ్ళింది.

మూడోనాడు పొద్దున ఆమె గది ముందు ఎడ్లబండి ఆగింది. బండిమీదికి కుట్టుమిషను ఎక్కుతుంటే ఆశన్న పరుగెత్తుకొచ్చి ఎద్దుల ముందు నిలబడ్డాడు.

"ఒక్కదానివి తప్పించుకపోతున్నవా? మా సంగతేంది?"

"నా బతుకు నేను చూసుకుంటున్న. జర తొవ్వ ఇయ్యి అన్నా."

"అన్నా అనకు! రెండేండ్లు ఒక్క బాయిల నీళ్ళు తోడుకొని తాగినం. గింత మోసమా?"

భూమవ్వ బండి చక్రం దగ్గర ఉమ్మేసింది. "పో! నీకు నిలువనీడ లేకుండ పోను!"

పార్వతీబాయి కొంగు తలమీదికి లాక్కుంది.  బండి కదిలింది.

నాలుగు రోజులకే ఆ గదిలో ఎరువుల దుకాణం తెరిచారు.

"చూసిన్రా?" అన్నాడు ఆశన్న. "బాయి జెయ్యబట్టి గదొకటి పాయె. ఇగ మనమీదికొస్తడు. రానియ్యిర్రి."

దసరా వచ్చింది. రామబ్రహ్మం రాలేదు. దీపావళి కూడా దాటింది. ఎప్పటిలాగే సగం కిరాయి ఇస్తుంటే, మాట్లాడకుండా తీసుకుని పోతున్నాడు.

"మనం ఒక్కతాన నిలబడితే జడిసిండు," అని ఆశన్న రైసుమిల్లులో తోటి హమాలీలకు చెప్పుకున్నాడు. నిజమేనని అందరూ మెచ్చుకున్నారు.

చలికాలంలో బియ్యం లారీ మీద జుక్కల్ వెళ్ళాడు ఆశన్న. అంగడిలో ఒక మూల, గోనెపట్టా కట్టుకుని దాని కింద మిషను తొక్కుతూ పార్వతీబాయి కనిపించింది. బాగా చిక్కిపోయింది. అతన్ని చూడగానే ఆమె ముఖం వెలిగింది.

"ఆశన్నా! బిడ్డ మంచిగున్నదా? బోర్ల పడుతున్నదా?"

"నీకెందుకు?" అన్నాడు ఆశన్న. అటు తిరిగి చూడకుండా లారీ ఎక్కాడు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో రామబ్రహ్మం గదుల దగ్గరికి వచ్చాడు. ఆశన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మల్ల ఎందుకొచ్చినవ్ సారూ? ఖాళీ చెయ్యమననా?"

"కాదు. పార్వతీబాయి చనిపోయింది."

భూమవ్వ చాట కింద పెట్టింది.

"జుక్కల్‌లో ఎవరూ ఇల్లివ్వలేదట. చలికాలమంతా అంగడిలో గోనెపట్టా కిందే పడుకుందట. జ్వరమొస్తే చూసిన దిక్కు లేదు. అంగడివాళ్ళే చందాలు వేసుకుని దహనం చేశారు."

 ఆశన్న గొంతు పెంచాడు.

"పాపమే. కాని మమ్ముల నడుమల ఇడ్సిపెట్టి పోయింది సారూ. గీడ నిలబడ్డోళ్ళం మేము. నిలబడ్డం కాబట్టే మాకు నీడున్నది."

"నోర్ముయ్!"

రామబ్రహ్మం అలా అరవడం వాళ్ళెప్పుడూ వినలేదు. 

"మీరు నిలబడితే నేను జడిసాననుకున్నారా? చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. చెబితే మీరు ఆమెను కదలనివ్వరట! ఇంకెవరి కోసం దాచను?"

భూమవ్వ రోడ్డు వైపు గది కేసి తిరిగింది.

"‘దుకాణంవాడు రోడ్డు వైపు గదికి ఎంతైనా ఇస్తాడు, నేను ఖాళీ చేస్తాను, ఆ కిరాయితో బ్యాంకుకు కట్టుకుని ఈ అయిదిళ్ళవాళ్ళనూ కదిలించకుండా ఉండనివ్వండి’ అని నా గుమ్మంలో నిలబడి మాట తీసుకున్నాకే బండి మాట్లాడుకుందిరా ఆ తల్లి."