పదిహేడో ముద్దాయి

బొడ్డమ్మ ఆ చొక్కాను మూడోసారి మడత పెట్టింది.

రెగ్జిను సంచిలో అప్పటికే రెండు ప్యాంట్లు, తువ్వాలు, కొబ్బరినూనె సీసా, సర్టిఫికెట్ల కవరు ఉన్నాయి. అడుగున ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం. మధ్యాహ్నం పలాసలో రైలు. ఆమె కొడుకు ఢిల్లీబాబు కేంద్ర బలగాల్లో కానిస్టేబులుగా ఎంపికయ్యాడు. కాగితాలు సరిగా ఉంటే, వెళ్ళిన చోటే శిక్షణకు ఉంచేసుకుంటారు.

"అమ్మా, ఆ నెత్తళ్ళు తీసియ్యే. కంపు కొడతాది."

"ఉండనీరా," అన్నాడు గడపలో కూర్చున్న స్నేహితుడు బాలకృష్ణ. "ఆ వాసనకి సగం బోగీ నీకే ఒగ్గేత్తారు."

ఢిల్లీబాబు నవ్వలేదు. చాప మీద అతని ముందు ఫారం ఉంది. అంతా నింపాడు. మూడో పేజీలో ఒక్క గడి ఖాళీ. మీ మీద ఏ కోర్టులోనైనా క్రిమినల్ కేసు నడుస్తోందా?

"నేదని రాసెయ్," అన్నాడు బాలకృష్ణ.

"టేసనుకి ఎంక్వైరీ వత్తాది. అబద్ధం రాసినానని ఉజ్జోగం పీకేత్తారు. ఇంకెక్కడా రానివ్వరు."

"అయితే ఉందని రాయి."

"రాత్తే తీసుకోరు."

"మరేటి సేత్తావు?"

"అదే కదేటి నిన్ను అడుగుతున్నాను."

కేసు ఐదేళ్ళ నాటిది. తొంభై తొమ్మిదిలో, ఒడ్డు నుంచి అలివి వల లాగే చోటు కోసం పక్క ఊరితో తగువొచ్చింది. ఒడ్డు మీద తెడ్లు లేచాయి. ఇద్దరికి తలలు పగిలాయి. కొట్టినవాళ్ళను అప్పగించకపోతే ఊళ్ళో మగాళ్ళందరినీ వ్యానెక్కిస్తామన్నారు పోలీసులు. కొట్టింది ఎవరైనా కష్టం అందరిదీ అన్నది ఆ ఊరి లెక్క. కులపెద్దలు గడప గడపకూ తిరిగి ఇంటికో పేరు అడిగారు. చెప్పిన పేరు రాసుకున్నారు. ఏ ఇంట్లో ఎవరు చెప్పారో పైకి అనకూడదని కట్టుబాటు.

మొత్తం ఇరవై మూడు పేర్లు. పదిహేడోది ఢిల్లీబాబుది. తగువు జరిగిన పూట అతను టెక్కలిలో డిగ్రీ పరీక్ష రాస్తున్నాడు.

తర్వాత రెండు ఊళ్ళూ కలిసిపోయాయి. పిల్లల్ని ఇచ్చిపుచ్చుకున్నాయి. కేసు మాత్రం కదల్లేదు. సాక్షులు చేపల వేటకెళితే వాయిదా. ముద్దాయిల్లో ఒకడు గుజరాత్ బోట్ల మీద ఉంటే వాయిదా. "ఇంకొక్క వాయిదా చూద్దాం" అంటూనే ఉన్నాడు టెక్కలి వకీలు జనార్దనరావు. నిరుడు విశాఖపట్నంలో కాపలా ఉద్యోగం దొరికినట్టే దొరికి, స్టేషను నుంచి కాగితం వెళ్ళగానే చేజారింది. వచ్చే ఏడాదికి ఢిల్లీబాబుకు వయసు దాటిపోతుంది.

కులపెద్ద పాపారావు వచ్చాడు. సర్పంచి చేత సంతకం పెట్టించిన కాగితం తెచ్చాడు. ఈ కుర్రాడు బుద్ధిమంతుడని అందులో ఉంది.

"ఇది కూడా పట్టుకెళ్ళరా అల్లుడా."

"ఇంకో కాగితం రాసివ్వు మావా. నా పేరు ఎవులు సెప్పారో అది."

పాపారావు బొడ్డమ్మ వైపు చూశాడు. ఆమె అతనికి మంచినీళ్ళ చెంబు అందించింది.

"పాతయి తవ్వకురా. కట్టుబాటు కట్టుబాటే."

"నువ్వు సెప్పక్కర్నేదు. నాన్న సెప్పాడు. తన ఏట ఆగిపోకుండా నన్ను రాయించాడు."

తండ్రి దాలయ్య మూత్రపిండాలు చెడిపోయి నిరుడు పోయాడు. అంతకు ముందు నాలుగేళ్ళు ఒకే కప్పు కింద ఉంటూ కొడుకు ఆయనతో మాట్లాడలేదు. దాలయ్య కూడా తాను కాదని ఏనాడూ అనలేదు.

"సచ్చిపోయినోణ్ణి అనకురా," అంది బొడ్డమ్మ.

"బతికున్నప్పుడు అడిగినాను కదే. నోరిప్పనేదు."

బాలకృష్ణకు మాట మార్చాలనిపించింది.

"మీ అన్న ఎల్లినప్పుడు ఈ గడి నేదేటిరా?"

"ఉంది. ఆడి మీద కేసు నేదు."

బొడ్డమ్మ అన్నం చూసొస్తానని లేచింది. పొయ్యి దగ్గర నిలబడి, తలుపు సందులోంచి కొడుకు చేతిలోని పెన్నునే చూసింది. పెన్ను చాలాసేపు ఆ గడి మీద ఆగింది. తర్వాత కదిలింది. 'ఉంది' అని రాశాడు. కేసు నంబరు రాశాడు. సెక్షన్లు రాశాడు.

"నిజం రాసినాను. ఇక ఆళ్ళ దయ," అన్నాడు.

బొడ్డమ్మ ఊపిరి వదిలింది.

పలాస దాకా తానూ బస్సులో వెళ్ళింది. రైలు కదిలేటప్పుడు కిటికీ ఊచ వదల్లేక నాలుగడుగులు నడిచింది. "తలుపు కాడ కూకోకురా" అని రెండుసార్లు చెప్పింది.

నాలుగో రోజు పొద్దున్నే ఢిల్లీబాబు తిరిగొచ్చాడు.

"ఏటన్నారు నాయినా?"

"కేసు తేలినాక రమ్మన్నారు." చెప్పులు విడిచాడు. "కానిస్టేబులుగా కాదు, పింఛనుకి ఎల్లాల అప్పుడు."

ఆమె వేడన్నం పెట్టింది. వంజరం పులుసు వేసింది. ఆ చేప అంత పొద్దున్నే ఎలా దొరికిందో, ఎవరి కోసం కొన్నదో అతను అడగలేదు. నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

"నాన్న నన్ను ఈ ఒడ్డుకి కట్టేసిపోయాడే," అన్నాడు. లుంగీ ఎగ్గట్టి పాపారావు తెప్ప దగ్గరికి నడిచాడు.

బొడ్డమ్మ గడపలో నిలబడి, సరుగుడు చెట్ల మధ్య అతని వీపు కనిపించినంత దూరం చూసింది.

పెద్దలు వచ్చిన రోజున దాలయ్య తన పేరు చెప్పబోతుంటే ఆపి, "మా సిన్నోడి పేరు రాసుకోండి, కేసుంటే ఊరు దాటలేడు" అన్నది ఆమే; ఇదే ఉద్యోగానికి అస్సాం వెళ్ళిన ఆమె పెద్దకొడుకు సూర్యారావు తొంభై ఎనిమిది జూలైలో సెలవుకి వచ్చి వెళ్ళాక ప్రాణాలతో తిరిగి రాలేదు.