పెరటి లైటు

“కోడలా, శుభవార్త! మన పెరటి లైటు బతికే ఉందంట!”

ఏన్కూరు నుంచి వచ్చిన సమ్మయ్య లైటు చంకన పెట్టుకుని బండి దిగుతూనే కేకేశాడు. “లోపలంత మంచిగనే ఉందన్నడు షాపాయన. పై మూతే ఎండకు పెళుసైందంట. అదొక్కటి మారిస్తే చాలంట.”

మనోజ్ఞ నవ్వింది గానీ, ఆమెకది శుభవార్త కాదు.

మనిషి దగ్గరికొస్తే దానంతటదే వెలిగే లైటు అది. నెల రోజులుగా మూగనోము పట్టింది. ఆ నెల రోజులూ కొత్త జంటకు పండగే. అన్నాలు కాగానే తనూ సంతోషూ పెరట్లో బట్టలుతికే బండ మీద చేరి, అడవిలోంచి తెచ్చిన తునికిపండ్లు ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటూ గుసగుసలాడుకునేవాళ్లు. అంతకుముందైతే, చెయ్యి పట్టుకునేలోపే భగ్గున వెలుగు. లోపల్నుంచి అత్త కళావతి గొంతు: “ఎవరదీ?”

“నేను మారుస్తాలే మామయ్యా,” అంటూ మనోజ్ఞ లైటు అందుకుంది. పసుపురంగు తిరిగిన మూత, వేలు తగలగానే అప్పడంలా విరిగింది.

ఆ లైటు మనిషి ఒంటి వేడిని పసిగట్టి వెలుగుతుంది. మందపాటి ప్లాస్టిక్ అడ్డముంటే ఆ వేడి లోపలికి చేరదు. డిగ్రీలో ఫిజిక్స్ చదివిన పిల్ల కదా, ఆ సంగతి తెలుసు. అందుకే ఏరికోరి పచ్చడి డబ్బా మందపాటి మూత కోసి అతికించింది. సంతోష్ కన్నుగీటి, లైటును గోడకు బిగించాడు.

చీకటి పడింది. కళావతి లైటు కింద నిలబడి చేతులూపింది. ఎగిరి గంతేసింది. అయినా వెలగలేదు.

“ఏందిది? నన్ను మనిషి లెక్కనే చూస్తలేదు!”

“నేను చూస్తున్న గద, చాలదా?” అన్నాడు సమ్మయ్య.

“నువ్వు చూసింది చాల్లే!” అని కళావతి చీకట్లోనే బాత్రూం వైపు నడిచింది. మరుక్షణం “అమ్మా!” అన్న కేక.

మనోజ్ఞ పరుగెత్తింది. అత్త కాలు మురుగునీళ్లు పోయే మోరీ గట్టుకు తగిలి బొటనవేలి గోరు చిట్లింది. రక్తం కారుతోంది.

“ఏం కాదు బిడ్డా. ఈ నెలల ఇది మూడోసారి. చెప్తే పరేషాన్ అయితరని చెప్పలే.”

మనోజ్ఞ కళ్లలో నీళ్లు తిరిగాయి. వేలికి గుడ్డ కట్టి, స్టూలు తెచ్చుకుని లైటు దగ్గరికెక్కింది. మందపాటి మూత పీకేసింది. పలచటి తెల్ల పాలకవరు ముక్క సాగదీసి అతికించింది. కిందికి దిగిందో లేదో, పెరడంతా వెలుగే. బాత్రూం దారీ, మోరీ గట్టూ, బట్టల బండా అన్నీ పట్టపగల్లా కనిపించాయి.

సంతోష్ బండ వైపు చూసి ఉసూరుమన్నాడు.

“మస్తు చేసినవ్ బిడ్డా!” కళావతి మురిసిపోయింది. “రేపు పొద్దుగాల కరెంటు పనాయన్ని పిలిపిస్త.”

“ఎందుకత్తమ్మా? మంచిగనే వెలుగుతుంది కదా!”

“దీనికి స్విచ్ పెట్టియ్యాలె.”

కళావతి కుంటుకుంటూ వచ్చి, కోడలి చెవిలో మెల్లగా అంది:

“మీ గదిల పెట్టిస్త. బండ మీదికి పోయేటప్పుడు ఆర్పుకోండి, వచ్చినంక వెయ్యండి.”