తలుపు దగ్గరి కడ్డీలు

అల్మరాలో మళ్ళీ ‘టిక్’ మంది. భోజనాల వేళ, లంపాంగ్ ఊరి పింగాణీ కార్ఖానాలో యంత్రాలన్నీ ఆగి ఉన్నాయి. బున్‌మా తలుపు తీసి చూశాడు. ఎవరూ ముట్టని తెల్లటి గుండు ఒకటి తనంతట తానే నిలువునా చిట్లి ఉంది. పొద్దుట్నించి అది నాలుగోది.

అరిగిపోయిన తుంటి కీళ్ళలో పెట్టే గుండ్లవి. ముప్ఫయ్యేళ్ళుగా వాటిని కాల్చేది బున్‌మాయే. బట్టీని కాచే దేవతకు కోపమొచ్చిందని పనివాళ్ళు అప్పటికే మల్లెదండ వేసి, ఎర్ర సోడా సీసా పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. బున్‌మా పైకి నవ్వినా, ఎవరూ చూడకుండా తనూ ఒక సీసా పెట్టొచ్చాడు. గుండెలో గుబులుగానే ఉంది మరి.

గుండ్లకు పరీక్షలు చేసే దువాన్‌ని పిలిచాడు. రెండు నెలలు సెలవు పెట్టి ఎక్కడ షికార్లు కొట్టిందోగాని, ఆ రోజే పనిలో చేరింది. కుర్చీలో కూర్చుని, ముక్కను భూతద్దం కింద చూసి, వేడి ఎక్కువైందని తేల్చేసింది. వేడి చాలకపోతే లోపల సందులు మిగులుతాయి. ఎక్కువైతే లోపలి పలుకులు బలిసి సత్తువ పోతుంది. ఈ వానాకాలపు చెమ్మకే పగిలితే, ఒంట్లో తడికి ఆగుతాయా అంది.

బున్‌మాకి రోషం వచ్చింది. అదే పిండితో చేసి గుండ్లతో పాటే కాల్చిన నమూనా కడ్డీలను ప్రతిసారీ విరిచి చూస్తున్నామనీ, ఒక్కటీ తేలిగ్గా విరగలేదనీ దబాయించాడు.

“ఆ కడ్డీలు బట్టీలో ఎక్కడ పెడతావు బాబాయ్?”

“తలుపు దగ్గర. తీసుకోడానికి వీలని.”

అనేశాక అతనికే తట్టింది. ఇప్పుడు కాల్చే కొత్త బట్టీలో తలుపు దగ్గర వేడి తక్కువ, గుండ్లుండే నడుమ ఎక్కువ. కడ్డీలు సరిగ్గా కాలాయి. గుండ్లు మాడాయి.

“కొత్త బట్టీలో గుండ్లు కాల్చడం ఎప్పట్నించి?”

“మార్చి నించి. మొదటి విడత నలభై గుండ్లూ చియాంగ్ మాయ్‌లో ఎముకల ఆసుపత్రికే పంపాం.”

దువాన్ రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుంది. సిగ్గుతో బున్‌మా తలెత్తలేకపోయాడు. అవి పెట్టించుకున్న నలభై మందినీ ఇవాళే వెతికి చెప్పాలనీ, లేచి రమ్మనీ బతిమాలాడు.

“లేవమనకు బాబాయ్,” అందామె రెప్పయినా కదపకుండా. “ఏప్రిల్లో నా తుంటిలో గుండు పెట్టింది అక్కడే.”