చెవిలో ఊదిన సాల్టు

"నేను రానంటే రాను. నన్ను ఇడిసిపెట్టు సార్," అన్నాడు జిలాని, ఆళ్లగడ్డలో తన ఇంటి గడప మీద మొండికేసి.

కాలేజీ కారు వాకిట్లో ఆగి ఉంది. నంద్యాల నుంచి వచ్చిన లెక్చరర్ వినయ్ బతిమాలాడు. "దేశం మొత్తంమీద ఏడాదికి ఒక్కరికే ఇచ్చే కెమిస్ట్రీ ప్రైజన్నా! అది వచ్చినోళ్లు ఒక ఉపన్యాసం ఇయ్యాల. సౌమ్య మేడమ్ ఢిల్లీలో వద్దని, తను చదివిన మన కాలేజీలోనే ఇస్తానన్నారు. నువ్వు రాకపోతే మైకు ముట్టనంటాండారు."

జిలాని ముప్ఫై ఏళ్లు ఆ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరైనవాడు. ప్రాక్టికల్ పరీక్షలో పిల్లలకు తెల్లటి సాల్టు ఒకటిచ్చి అదేమిటో కనిపెట్టమంటారు. అటెండరు టీ నీళ్లకు ఆశపడి దాని పేరు చెవిలో ఊదడం ఊరందరికీ తెలిసిన రహస్యమే. సౌమ్య చెవిలోనూ ఊదాడు. తప్పు పేరు ఊదాడు. ఇప్పుడు నలుగురిలో నిలబెట్టి కడిగేయడానికి కాకపోతే, అంత పెద్ద సైంటిస్టుకు అటెండరుతో ఏం పని?

"తప్పైందని ఆ బిడ్డకు ఒక్క మాట చెప్పి రాపో. నీకు నిద్రన్నా పడుతుంది," అంటూ భార్య బీజాన్ ఉతికిన చొక్కా చేతిలో పెట్టింది.

సభ కిటకిటలాడుతోంది. జిలాని దొంగకు తేలు కుట్టినట్టు కుర్చీ అంచున కూర్చున్నాడు. సౌమ్య మైకు అందుకుంది.

"ఆ పొద్దు ఈ అన్న నా చెవిలో స్ట్రాన్షియం అన్నాడు. అదైతే సాల్టును మంటలో పెడితే మంట ఎర్రగా రావాల. నాకు ఆకుపచ్చగా వచ్చింది. విన్నది రాయాల్నా, చూసింది రాయాల్నా? చూసిందే రాసినా. ఈ పొద్దుదాకా నేను చేసిన సైన్సంతా అదే. నా మొదటి గురువు ఈయనే!"

శాలువా కప్పి, వంగి కాళ్లకు దండం పెట్టింది. హాలంతా చప్పట్లు. జిలానికి దుఃఖం ఆగలేదు. తిట్లు తినడానికి వచ్చినవాడికి ఇంత గౌరవం చేసిన ఈ తల్లికి ఏమిచ్చుకోగలడు?

"ఒక్కటి చెప్పన్నా," అంది సౌమ్య ఆయన చేయి పట్టుకుని. "నాకొక్కదానికే ఎందుకు తప్పు చెప్పినావు? నాలో ఏం చూసినావు?"

జిలాని కళ్లు తుడుచుకున్నాడు.

"సీసా సరిగ్గా చూసుకోక అందరికీ అదే చెప్పినా తల్లీ. మంటలో పెట్టి చూసింది నువ్వొక్కదానివే."