పట్టు కండె

మా అత్త రోజూ పొద్దున్నే మగ్గం దగ్గరి పట్టు కండె ఒకటి, ఎవరూ చూడలేదనుకుని దాస్తుంది. సాయంత్రం తనే తీసి పెడుతుంది. పట్టు షావుకారుది. ఏదో ఒకరోజు నన్ను దొంగను చేసి పుట్టింటికి తరుముతుందని నా అనుమానం.

ఈరోజు బియ్యం డబ్బాలో దాచింది. సాయంత్రం చూస్తే గూట్లో, మంచం కింద వెతుకుతోంది.

నాటకమనుకున్నాను. "యాడ పెట్టినావో నీకు తెలీదా అత్తా?"

ఆమె కూలబడింది. "మా అమ్మకు, అక్కకు ఇట్లే మతి పోయె. 'వంశంలో ఉండాది, నీకు బీపీ కూడా ఉండాది, జాగ్రత్త' అన్నాడు నాతో హిందూపురం డాక్టరు. అందుకే నేనే దాచి, నేనే ఎతుక్కుంటా. దొరికితే నా మతి బాగుండాదని ధైర్యం. ఈపొద్దు దొరకలేదమ్మీ. ఇంక పడకింట్లో దిండు కింద చూడాల."

నీళ్ళు తెస్తానని లోపలికి పోయి, కండెను బియ్యం డబ్బాలోంచి తీసి, ఆమె దిండు కింద పెట్టాను.